రెండో బిగింపు

మార్చి 3, సోమవారం

తమ్ముడూ,

ఈ రోజు పొద్దున ఆరున్నరకు, షిఫ్టు బెల్లు కొట్టే వేళకు, చక్రాల సెక్షన్ తలుపు మీద నోటీసు ఉంది. సెప్టెంబరు 30తో సెక్షన్ మూసేస్తారు. మూడు వందల పన్నెండు మందిమి. సైకిళ్లు ఇక్కడే బిగిస్తారట, చక్రాలు మాత్రం బయటి దేశం నుంచి వస్తాయట. ఏ దేశమో రాయలేదు. జనవరిలో మా సెక్షన్‌లో విప్పిన, చక్రాలు బిగించే పద్నాలుగు స్టాండ్లతో పాటు నలుగురు ఓడెక్కారు. అందులో నువ్వొకడివి. ఇంక దేశం పేరు ఎవరికి కావాలి?

నోటీసు చదివాక బెల్లు మోగింది. అందరం లోపలికి వెళ్లి పని చేశాం. ఈ రోజు మూడు వేల ఇరవై చక్రాలు దిగాయి. మామూలు కన్నా ఇరవై ఎక్కువ. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

మధ్యాహ్నం మా యూనియన్ నాయకుడు మెజారిటీ క్యాంటీన్ బల్ల ఎక్కాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా, టీ తాగుదామన్నా "మెజారిటీ ఏమంటుంది?" అంటాడు, ఆ పేరు అలా వచ్చిందే. వాణిజ్య శాఖను విచారణ అడుగుదాం, దిగుమతి చక్రాల మీద సుంకం వేయిద్దాం, అప్పుడు ఇక్కడ చేయించడమే వాళ్లకు లాభం అన్నాడు. చేతులెత్తమన్నాడు. వెనక నుంచి ఒక గొంతు, "ఆవిడ తమ్ముడు అక్కడే ఉన్నాడుగా, ఆవిడ ఏ చెయ్యి ఎత్తుతుందో చూడండి" అంది. నవ్వారు. అన్నది పక్క స్టాండు వదినే. పద్దెనిమిదేళ్లుగా ఒకే బల్ల మీద ఇద్దరం కేరేజీలు విప్పుకుంటున్నాం. నేను కుడిచెయ్యి ఎత్తాను.

ఒక్క మాట అడుగుతాను. ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసా?

ఫోన్ చేయకు. మీ హాస్టల్ ఫోన్ పక్కన మనిషి కూర్చుని వింటాడని నువ్వే చెప్పావు. పైగా ఫోన్‌లో నువ్వు "అక్కా" అనగానే నేను అడగాల్సింది మర్చిపోతాను.

మీ బావ బాగానే ఉన్నారు. ఫ్యాక్టరీ గేటు ముందు ఆయన సైకిల్ రిపేరు షాపు మామూలుగానే నడుస్తోంది. కొత్త పంపు కొన్నారు, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

అవునో కాదో రాయి.
అక్క


మార్చి 21

అక్కా,

నీ ఉత్తరం 19న అందింది. నువ్వడిగిన దానికి జవాబు: తెలియదు.

ఎగుమతుల కోసం ఇంకో ప్లాంటు పెడుతున్నాం, ఇక్కడ ఒక్క ఉద్యోగమూ పోదు అని మేనేజరు మా నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ మాటే నీ వంటింట్లో కూర్చుని నీకు చెప్పాను. అబద్ధం ఆయనదే, మోసుకొచ్చింది మాత్రం నేను. నువ్వు తిట్టకపోతే ఇంకా కష్టంగా ఉంటుంది, తిట్టు.

ఇక్కడి సంగతి. రేకుల షెడ్డు, నూట ఎనభై మీటర్ల పొడవు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే కన్వేయర్. రెండు వందల నలభై మంది అమ్మాయిలు. ఎక్కువ మందికి ఇదే మొదటి ఉద్యోగం. ఒకమ్మాయి స్టాండు అందక చెక్కపెట్టె మీద నిలబడి పని చేస్తుంది. అందరూ పిట్ట అంటారు. మొదటి నెల జీతంతో ఇంటికి తలుపు పెట్టించింది. అంతకుముందు గుమ్మానికి దుప్పటి వేలాడేదట. రోజుకొకసారి ఎవరో ఒకరు "పిట్టా, తలుపు వేసి వచ్చావా?" అని అడుగుతారు. ఆ అమ్మాయికి అది ఇంకా విసుగు పుట్టలేదు.

చిక్కు ఎక్కడంటే, చక్రాలు నిలవడం లేదు. మీ సెక్షన్ నుంచి తెచ్చిన స్టాండ్లే, అవే రిమ్ములు, అవే స్పోకు పుల్లలు. మీ పని పద్ధతి కాగితం అక్షరం పొల్లు పోకుండా పాటిస్తున్నాం. పుల్లలు ఎక్కించడానికి ఆరు నిమిషాలు, బిగించి బెండు తీయడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు. దిగేటప్పుడు చక్రం చక్కగా తిరుగుతుంది. మర్నాడు చూస్తే వందకు పంతొమ్మిది వంకర. నేను మెయింటెనెన్సు వాడిని, మిషన్ చెడిపోతే తప్ప మీ సెక్షన్‌లోకి రాలేదు. నాకు తట్టడం లేదు. వారం వారం లెక్క రాసిన కాగితం దీంతో పంపుతున్నాను. చూసి చెప్పు.

జూలై 31 లోపు వందకు మూడు కన్నా తగ్గాలి. తగ్గకపోతే మా నలుగురినీ వెనక్కి పంపేస్తారు. వెనక్కొస్తే ఎక్కడికి? నా పాత పోస్టు జనవరిలోనే తీసేశారు.

బావ పంపును నేను వచ్చాక ముట్టుకుంటానని చెప్పు.
నీ తమ్ముడు


ఏప్రిల్ 6, ఆదివారం

ఒరేయ్,

తిట్టడం లేదు. నీ ఉత్తరం చదివాక ఆ అవసరం లేకుండా పోయింది. కాగితం అందింది. నువ్వు నోటితో చెప్పలేనిది లెక్క రాసి పంపావని అర్థమైంది. చిన్నప్పుడు కూడా అంతే, దెబ్బ తగిలితే ఏడవకుండా వచ్చి మోకాలు చూపించేవాడివి. మెజారిటీకి ఇచ్చాను. అడుగున నీ సంతకం ఉన్న చోట కత్తిరించే ఇచ్చాను, భయపడకు. విచారణ 24న రాజధానిలో. "వందకు పంతొమ్మిది! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలమ్మా?" అని ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మీ చక్రాలు ఇక్కడికి రావడం మొదలైంది. చౌక మోడల్‌కు అవే వేస్తున్నారు. డబ్బాలు మా సెక్షన్ ముందు నుంచే అసెంబ్లీకి వెళ్తాయి. వాటిని ముట్టుకోవద్దని యూనియన్ చెప్పింది, ముట్టుకోవడం లేదు. ఆ మోడల్ బాగా అమ్ముడుపోతోందని మీ బావ అంటున్నారు. కొన్నవాళ్లలో మా సెక్షన్ వాళ్లే పదకొండు మంది ఉన్నారు. మెజారిటీ మందలిస్తే ఒకడు, "సుంకం వచ్చేదాకా ఆగడానికి లేదు, పిల్ల స్కూలుకు వెళ్లాలి" అన్నాడు.

పాలిటెక్నిక్ వాళ్లు వచ్చే ఏడాది నుంచి మిషన్ షాపు కోర్సులో చేర్చుకోరట. షిఫ్టు బస్సులు పద్నాలుగు ట్రిప్పుల నుంచి తొమ్మిదికి తగ్గించారు. ఇంకా ఎవరి ఉద్యోగమూ పోలేదు. అప్పుడే బస్సుకు తెలిసిపోయింది.

వేళకు తిను. ఆ పిట్ట తలుపు సంగతి చదివి మీ బావ, "ఏ చెక్కతో చేయించిందట?" అని అడిగారు.
అక్క


ఏప్రిల్ 24

అక్కా,

కంగారుగా రాస్తున్నాను. ఉత్తరం రెండు రోజుల క్రితం అందింది. ఆ కాగితం నీకు పంపింది సలహా కోసం! చక్రం ఎందుకు వంగుతుందో చూసి చెబుతావని. సాక్ష్యంగా కాదు. సంతకం కత్తిరిస్తే సరిపోతుందా? లెక్కంతా నా చేతిరాత, ఆ ఫారం ఈ షెడ్డులో తప్ప ఎక్కడా లేదు. మెజారిటీ దగ్గర నుంచి వెనక్కి తీసుకో. విచారణ ఈ రోజే అని తెలుసు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి పదహారు రోజులు పడుతుందనీ తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.
తమ్ముడు


ఏప్రిల్ 27, ఆదివారం

తమ్ముడూ,

విచారణ బాగా జరిగింది. తొమ్మిది మందిమి రైల్లో వెళ్లాం. హాలు పెద్దది, కుర్చీలు ఎత్తు, పక్క స్టాండు వదినకు కాళ్లు నేలకు ఆనలేదు. వాణిజ్య శాఖ అధికారి మర్యాదస్తుడు. చక్రాలు కొనుక్కోవడం వల్ల సైకిల్ ధర తగ్గుతుంది, దేశం మొత్తానికి మేలు, మనవాళ్లు ఇంతకన్నా విలువైన పనికి మళ్లుతారు అన్నాడు. ఆ విలువైన పని ఏమిటో, పేరు ఎక్కడ రాయించుకోవాలో చెప్పలేదు. వదిన లేచి అడిగింది కూడా. "ఎక్కడండీ అది? మా ఊరి బస్సు అటు వెళ్తుందా?" హాలంతా నవ్వింది. అధికారి నవ్వుతూనే రాసుకున్నాడు.

అప్పుడు మెజారిటీ నీ కాగితం బయటికి తీశాడు. కంపెనీ లాయరు దాన్ని చదివి, మళ్లీ చదివి, పక్కనున్న మేనేజరుకు ఇచ్చాడు. మేనేజరు చాలాసేపు చూశాడు. తీర్పు సెప్టెంబరులో.

తిరుగు రైల్లో వదిన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నీ మీద పడిన మాట తుడిచేశావురా.
అక్క


మే 16

అక్కా,

నీ 27వ తారీకు ఉత్తరం అందింది. మేనేజరు చాలాసేపు చూశాడని రాశావు. చూసింది నా చేతిరాత. ఏడు అంకెకు నడుమ గీత పెడతాను కదా, అది చాలింది.

మే 6న పిలిచారు. ఉద్యోగం తీయలేదు, జూలై 31 ఎలాగూ ఉంది కదా అన్నారు. ఇప్పుడు షెడ్డులో నా వెంట ఒక సూపర్‌వైజరు నడుస్తాడు. నేను తుమ్మినా రాసుకుంటాడు. మిగతా ముగ్గురు భోజనాల దగ్గర నా బల్లకు రావడం మానేశారు.

అదంతా పడతాను. ఇంకొకటి ఉంది. రిజెక్టు ఎవరి చేతిలో వస్తే వాళ్లను కన్వేయర్ పక్కన నిలబెట్టి ఆ వంకర చక్రాన్ని అందరి ముందూ తిప్పిస్తున్నారు. నిన్న పిట్ట వంతు. పది నిమిషాలు తిప్పింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాకు తెలుసు. తప్పు ఏమిటో మాత్రం తెలియదు.

నువ్వు నన్ను అడగకుండా ఆ కాగితం ఇచ్చావు. నేను అడిగిందానికి జవాబు ఇవ్వలేదు. రెండు ఉత్తరాల్లో బస్సుల గురించి రాశావు, పాలిటెక్నిక్ గురించి రాశావు, చక్రం గురించి ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్లలో నీకు తెలియని సంగతి చక్రంలో ఉంటుందంటే నేను నమ్మను. ఆ పద్ధతి కాగితంలో లేనిది మీ సెక్షన్‌లో ఏదో ఉంది. ఉంటే చెప్పు. చెప్పకూడదనుకుంటే చెప్పనని రాయి. ఇంటి కబుర్లు మాత్రం రాయకు.
తమ్ముడు


జూన్ 3

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు మూడుసార్లు రాసి చింపాను. నీ కాగితాన్ని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. నీకు తగిలిన దెబ్బ నా వల్ల తగిలింది.

రెండోదానికి జవాబు: ఉంది. చెప్పను.

నీ వంద చక్రాల్లో పంతొమ్మిది వంగినంత కాలం మూడు వందల పన్నెండు మందికి ఆశ ఉంది. అటు నువ్వొక్కడివి. నువ్వు నా వాడివి కాబట్టే తూకం వేయడం నాకు ఇంత కష్టమైంది. వేశాను.

ఇంటి కబుర్లు వద్దన్నావు. రాయలేదు.
అక్క


జూన్ 24

తమ్ముడూ,

జూన్ 19, గురువారం, పొద్దున ఏడూ నలభైకి ఆసుపత్రి మలుపులో ఒక నర్సు సైకిల్ మీద నుంచి పడింది. మణికట్టు విరిగింది. చౌక మోడల్, కొని ఐదు వారాలు. సైకిల్‌ను మీ బావ షాపుకే తెచ్చారు.

సాయంత్రం ఆయన ముందు చక్రం విప్పి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టారు.

"మీటు" అన్నారు.

"నేను డ్యూటీలో లేను."

"నేనూ షాపు మూసే వచ్చాను. మీటు."

మీటాను. ముప్ఫై ఆరు పుల్లల్లో పదకొండు మొద్దుగా మోగాయి.

"ఈ నెలలో ఇది తొమ్మిదోది" అన్నారు. "ఎనిమిది నేను సరిచేసి పంపాను, నీకు చెప్పలేదు. నీ సెక్షన్ సంగతి నాకెందుకులే అనుకున్నాను. ఇది పడ్డాక నా షాపు సంగతి అయింది." చక్రం అక్కడే వదిలేసి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు.

ఆ డబ్బాలు మూడు నెలలుగా మా కళ్ల ముందు నుంచే వెళ్తున్నాయి. లోపల ఏముందో మాకు తెలుసు. చెయ్యి పెడితే చక్రానికి నాలుగు నిమిషాలు. పెట్టలేదు.

ఇప్పుడు విను. పుల్లలు ఎక్కించి బిగించగానే చక్రం నిటారుగా తిరుగుతుంది. దాన్ని నమ్మొద్దు. బిగించేటప్పుడు పుల్ల మెలిపడుతుంది. ఆ మెలి నెమ్మదిగా విడుతుంది, పుల్ల తల హబ్బు రంధ్రంలో సర్దుకుంటుంది. అందుకని ఒక రాత్రంతా కొక్కేనికి వేలాడదీస్తాం. మేం దాన్ని నానేయడం అంటాం. మర్నాడు ప్రతి పుల్లనూ వేలితో మీటితే వదులైంది మొద్దుగా పలుకుతుంది. అప్పుడు రెండో బిగింపు. ఇంక ఆ చక్రం ఏళ్ల తరబడి కదలదు.

పద్ధతి కాగితంలో ఇది ఎందుకు లేదంటే, పన్నెండేళ్ల క్రితం సెకన్లు లెక్కపెట్టే ఇంజనీరు ఒకాయన వచ్చాడు. స్టాప్‌వాచ్ అనేవాళ్లం. కొక్కేల వైపు చూపించి "ఇవేంటి?" అన్నాడు. మాకు పని నేర్పిన మాస్టారు, "పుల్లలు ఎక్కించినవి సార్, బిగింపు కోసం వరసలో ఉన్నాయి" అన్నారు. మూడు వేల చక్రాలు ఒక రాత్రి ఊరికే వేలాడుతున్నాయంటే వృథా సరుకని కొక్కేలు పీకించేవాడు. అందుకే కాగితంలో ఎక్కించడం ఉంది, బిగించడం ఉంది, నడుమ రాత్రి లేదు. మా పని కాపాడుకోవడానికే దాచాం. కంపెనీ ఆ కాగితం చూసింది. పది నిమిషాల పని, ఎక్కడైనా చేయించుకోవచ్చు అనుకుంది. స్టాండ్లు ఓడెక్కించింది. మేం దాచిన రాత్రే మీ దగ్గరికి పని తెచ్చిపెట్టింది.

ఇక్కడిదాకా 20నే రాశాను. పోస్టు చేయలేదు. సెక్షన్‌కు తెలియకుండా పంపానని రేపు ఎవరూ అనకూడదని నిన్న క్యాంటీన్‌లో లేచి చెప్పాను. నర్సు సంగతి చెప్పాను, ఉత్తరం చూపించాను. మెజారిటీ మొదటిసారి మెజారిటీ ఏమంటుందని అడగలేదు. పక్క స్టాండు వదిన తన కేరేజీ మూత పెట్టింది. "మాతో ఇంత చెప్పావు, సంతోషం. ఇంక నాతో మాట్లాడకు" అంది. డబ్బా తీసుకుని కిటికీ దగ్గర బల్లకు వెళ్లిపోయింది.

ఈ రోజు పోస్టు చేస్తున్నాను. పిట్టతో చెప్పు, చెవి పుల్లకు దగ్గరగా పెట్టాలి, మీటేది గోరుతో కాదు, వేలి మెత్తతో.
అక్క


జూలై 13

అక్కా,

10న అందింది. నీ మీద కోపం పెట్టుకున్న రోజులు లెక్క వేస్తే యాభై ఏడు. అవి వాపసు ఇస్తున్నాను.

షెడ్డులో కొక్కేలు లేవు. హాస్టల్ వరండా కమ్మీలకు, మెట్ల పక్క గొట్టాలకు నాలుగు వందల చక్రాలు వేలాడదీశాం. "రేపు నన్ను కూడా వేలాడదీస్తారా?" అని వార్డెన్ అరిచింది. మర్నాడు పిట్టా, ఇంకో ఐదుగురూ మీటి రెండోసారి బిగించారు. ఇంకో రోజు ఆగి చూశాం. నాలుగు వందలకు ఐదే వంకర.

ఇక్కడి మేనేజరుకు చూపించాను. లెక్క ఒప్పుకున్నాడు, పద్ధతి ఒప్పుకోలేదు. రోజుకు మూడు వేల చక్రాలు వేలాడదీయాలంటే ఇంకో షెడ్డు కావాలి. "స్థలం లేదు. కన్వేయర్ ఆపను" అన్నాడు. మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "ఓడలో ఇరవై ఒక్క రోజులు డబ్బాల్లో ఉంటాయి కదా సార్. అక్కడ నానతాయి. దిగాక రెండో బిగింపు మా పాత సెక్షన్‌లో చేయించండి. అక్కడ చేతులున్నాయి."

ఆయన క్యాలిక్యులేటర్ తీశాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు, మూడు వేల చక్రాలు, ఎనిమిది గంటలు. "ఇరవై ఆరు మంది" అన్నాడు.

నేను వందైనా అంటాడనుకున్నాను. అది స్టాప్‌వాచ్ అంకె అక్కా. ఆ కాగితం మీద మిగిలింది అంతే. చెప్పి మంచి చేశానో చెడు చేశానో నువ్వే చెప్పాలి.
తమ్ముడు


ఆగస్టు 3, ఆదివారం

తమ్ముడూ,

శుక్రవారం రెండో నోటీసు అంటించారు. సెప్టెంబరు 30న మూత అలాగే ఉంది. అక్టోబరు నుంచి పాత సెక్షన్‌లో ఒక మూల "తుది బిగింపు గది". ఇరవై ఆరు మంది. కాంట్రాక్టరు కింద, ఏడాదికొకసారి కొత్త కాగితం. మిగతా రెండు వందల ఎనభై ఆరు మందికి ఇంటి దారి.

మంచో చెడో అడిగావు. ఈ ఆలోచన నీదని సెక్షన్‌కు చెప్పలేదు. చెబితే ఇరవై ఆరు మంది నిన్ను మెచ్చుకుంటారు, మిగతావాళ్లు తిడతారు, ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

ఎవరు ఉండాలో సెక్షనే చెప్పాలన్నారు. మెజారిటీ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఎవరి చెయ్యి ఎలాంటిదో నీకు తెలుసమ్మా. నేను రాస్తే పార్టీలు చూశానంటారు." ఎనిమిది రోజులు తీసుకోమన్నాడు. ఇరవై ఐదు పేర్లు రెండు రోజుల్లో అయిపోయాయి. ఇరవై ఆరో గీత ఖాళీగా పెట్టాను. నా పేరు రాసుకుంటే తమ్ముడి చలవ అంటారు. పక్క స్టాండు వదిన పేరు రాయాలని ఉంది, రాయలేకపోయాను.

ఈ రోజు పొద్దున ఆవిడే ఇంటికొచ్చింది. గుమ్మం దాటలేదు.

"నీతో మాట్లాడనన్నాను. ఇప్పుడూ మాట్లాడటం లేదు. నీ పేరు రాయి."

"వదినా, నీ పేరు..."

"రెండేళ్లుగా నా చెవి పోయింది. నేను బిగించిన చక్రాలు నేను టీకి వెళ్లినప్పుడు నువ్వు మళ్లీ మీటి పెడుతున్నావు. చూడలేదనుకున్నావా? ఇన్నాళ్లు నా పరువు కాపాడావు. రేపు ఆ గదిలో చెవిలేని దాన్ని కూర్చోబెడితే ఇంకో నర్సు పడుతుంది. రాయి."

మీ బావ లోపల నుంచి "టీ తాగి వెళ్లండి" అన్నారు.

"ఆవిడతో మాటల్లేవు. మీతో ఉన్నాయి" అని వదిన లోపలికొచ్చి ఆయన చేత టీ పెట్టించుకుని తాగింది. నేను పక్కనే కూర్చుని నా పేరు రాశాను.
అక్క


సెప్టెంబరు 12

అక్కా,

నా ఉద్యోగం ఇంకో ఏడాదికి ఖాయం చేశారు. సూపర్‌వైజరు నా వెంట నడవడం మానేశాడు. అలవాటు పోక నేనే ఆగి వెనక్కి చూస్తున్నాను.

తుది బిగింపు గదికి వచ్చే మొదటి ఓడ 18న బయలుదేరుతుంది. నలభై ఎనిమిది వేల చక్రాలు, అన్నీ ఒక బిగింపువే. మన పాలిటెక్నిక్ మూసిన కోర్సు ఇక్కడ ఈ నెలే మొదలైంది. పిట్ట తమ్ముడు చేరాడు. హాస్టల్ దాకా కొత్త రోడ్డు వేశారు, బస్సు తిరుగుతోంది. ఇదంతా చూసి సంతోషిద్దామనుకునేలోపు మొన్న మేనేజరు మీటింగు పెట్టి, పుల్లలు ఇంకో దేశంలో ఇంకా తేలిగ్గా దొరుకుతున్నాయన్నాడు. పుల్లల సెక్షన్ అమ్మాయిలు డెబ్బై మంది. బెల్లు మోగగానే అందరూ లేచి కన్వేయర్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆ నడక నాకు తెలుసు, నీ మార్చి ఉత్తరంలో చదివాను.

మొదటి డబ్బాలో పైన ఉన్న చక్రం పిట్టది. రిమ్ము మీద సుద్దతో అడ్డగీత పెట్టింది. "రెండోసారి బిగించే వాళ్లు మా మీద కోపంగా ఉన్నారా?" అని అడిగింది. నిన్ను అడిగి చెబుతానన్నాను.
తమ్ముడు


సెప్టెంబరు 28, ఆదివారం

తమ్ముడూ,

22న తీర్పు వచ్చింది. సుంకం లేదు. తుది బిగింపు ఈ దేశంలోనే జరుగుతుంది కాబట్టి వచ్చేది సగం తయారైన సరుకు, దాని మీద సుంకం వేస్తే ఇక్కడి పనికే నష్టం అని రాశారు. అంటే ఆ ఇరవై ఆరు మందిని చూపించే కేసు కొట్టేశారు. నిన్ను అనడం కాదు. నీకు తెలియాలి కాబట్టి రాశాను. తెలిసి ఉంటే నువ్వు ఆ మాట అనేవాడివి కాదు, ఆ గదిలో నాకు చోటూ ఉండేది కాదు. నర్సు చెయ్యి అతుక్కుంది, మళ్లీ డ్యూటీలో చేరింది.

మంగళవారం ఆఖరి రోజు. కొక్కేలు పాత ఇనుముకు వెళ్తున్నాయి. మెజారిటీ ఒకటి ఇంటికి తీసుకెళ్తానన్నాడు, చొక్కా తగిలించుకోవడానికట. సెక్షన్‌లో నలభై మంది గిడ్డంగుల్లో సరుకు మోసే పనిలో చేరారు, అందులో ఎక్కువ సరుకు బయటి నుంచి దిగేదే. పక్క స్టాండు వదిన మీ బావ షాపులో కూర్చుంటోంది. టైర్లు, ట్యూబులు చూసుకుంటుంది, మీటడం మాత్రం ఆయనకే వదిలేస్తుంది. కొత్త పంపును ఆయన ముట్టుకోనిచ్చింది ఆవిడ ఒక్కదాన్నే. నాతో ఇంకా మాటల్లేవు. నిన్న ఆయనతో, "మీ ఆవిడకు చెప్పండి, ఆ గదిలో కిటికీ వైపు స్టాండు తీసుకోమని, వెలుతురు బాగుంటుంది" అంది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను.

పిట్ట అడిగినదానికి జవాబు. ఉంది కోపం. చాలా మందికి ఉంది. ఆ తలుపు మీద మాత్రం ఎవరికీ లేదు. క్యాంటీన్‌లో ఆ సంగతి చెబితే ఏ చెక్క అని మీ బావలాగే అడిగారు. ఈసారైనా రాయి.

ఓడ అక్టోబరు 9న రేవుకు వస్తుంది. లారీలు 12 సాయంత్రానికి గేటు లోపలుంటాయి. 13, సోమవారం, పొద్దున ఆరున్నరకు బెల్లు కొడతారు. మొదటి డబ్బా నేను విప్పుతాను. సుద్దగీత ఉన్న చక్రం ముందు తీసి ముప్ఫై ఆరు పుల్లలూ మీటి, ఏది ఎలా పలికిందో ఆ సాయంత్రమే రాసి పోస్టు చేస్తాను. పదహారు రోజులు పడుతుంది. 29 దాకా ఆగమని పిట్టతో చెప్పు.

అక్క